చార్జింగ్ బాగానే ఉంది

ఆయన పోయాడని నాకు చెప్పింది పాల వ్యాను డ్రైవరు. షట్టరు ముందు వ్యాను ఆపి, ఇంజన్ ఆపకుండానే తల బయటికి పెట్టి, "అన్నా, ఆ మామిడితోట పెద్దమనిషి లేడూ, బొగ్గుగనుల పనిచేసినాయన, మణుగూరుల బిడ్డ కాడ పోయిండంట. మట్టి కూడా అయిపోయిందంట," అన్నాడు. నేనేమంటానో చూడకుండానే గేరు వేసి వెళ్ళిపోయాడు.

అప్పుడు నా చేతిలో పోలీసు క్యాంపు జీపు స్టార్టరు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. ఏడుపు రాలేదు. ఆయన ఎప్పుడో పోయినట్టు, కబురు మాత్రం ఇప్పుడు అందినట్టు అనిపించింది.

నిజానికి ఆయన గురించి నాకు తెలిసింది కొంచెమే. ఎక్కడ పుట్టాడో, ఏ గనిలో ఏం పని చేశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను చర్లలో ఆటో ఎలక్ట్రీషియన్ని. డైనమోలు, స్టార్టర్లు, వైరింగు నా పని. నా దగ్గరికొచ్చేవాళ్ళు బండి కష్టం చెప్పుకుంటారు గాని సొంత కష్టం చెప్పరు. ఆయనకు ఆ రెండూ ఒకటే అయిపోయాయి కాబట్టి నాకు తెలిసింది.

పొడుగు మనిషి. నడుము దగ్గర కాకుండా మెడ దగ్గర వంగి ఉండేవాడు. నా షాపు షట్టరు లారీ పట్టేంత ఎత్తు. అయినా లోపలికొచ్చేటప్పుడు తల దించేవాడు. బయట చింతచెట్టు కింద నిలబడినా అంతే, నెత్తి మీద ఏదో ఉన్నట్టు ఒకసారి పైకి చూసుకునేవాడు. మోచేతి మీద ఒక నీలిగీత ఉండేది. పచ్చబొట్టనుకున్నాను. అడిగితే, "బొగ్గు బిడ్డా. దెబ్బ మానింది, అది లోపల్నే ఉండిపోయింది," అన్నాడు.

ఏ వైరునైనా ముట్టుకునే ముందు "ఆపినవా?" అని అడిగేవాడు. నన్నే కాదు, పక్కన ఎవరూ లేకపోయినా అడిగేవాడు. బండి తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి తట్టి, అప్పుడు కూడా మళ్ళీ "ఆపినవా?" అనేవాడు. తర్వాత చెయ్యి తిప్పి, షాకు కొట్టినా వేళ్ళు వైరును పట్టేసుకోకుండా, వాటి వెనక వైపుతో మెల్లగా తాకేవాడు. గనిలో నేర్చుకున్న పద్ధతులు. పన్నెండు వోల్టుల బండికి అంత భయం అక్కర్లేదని నేను నవ్వితే, "అలవాటు తప్పితే మనిషి తప్పుతడు," అనేవాడు. ఆయన నవ్వేవాడు కాదు.

మొదటిసారి వచ్చింది ఎండాకాలంలో. మోపెడ్ ముందు భాగంలో బ్యాటరీ పెట్టుకుని, పాత చీర పేలికతో కట్టి తెచ్చాడు. దించి బల్ల మీద పెట్టి, "దీనికి పానం లేదు బిడ్డా. మార్చు," అన్నాడు.

నేను చార్జింగ్‌లో పెట్టాను. మర్నాడు లోడు పెట్టి చూశాను. బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది.

"కాకా, దీనికేం కాలేదు. బండి మీద దీనికి కరెంటు అందట్లేదు. డైనమో పనిచేయట్లేదో, మధ్యలో ఎక్కడైనా పోతుందో చూడాలి. బండి తీసుకురండి."

"బండి రాదు."

"నడవట్లేదా?"

"నడుస్తది. ఇంటి కాడనే ఉండాలె."

ఏం బండి అని అడిగితే, తోటల్లో చెట్ల మధ్య దున్నుకునే చిన్న ట్రాక్టరని చెప్పాడు. అలాంటివి ఈ పక్క చాలా ఉన్నాయి. అరగంటలో నడుపుకుంటూ రావచ్చు. ఎందుకు రాదో నాకు అర్థం కాలేదు. ఆయన తల దించుకుని, చీర పేలికను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"మా ఆమె దాని మీద బతుకుతాంది బిడ్డా," అన్నాడు చివరికి.

ఆయన భార్య ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉండాలి. మిషన్‌కు కరెంటు కావాలి. అడవి పక్క ఊళ్ళకు కరెంటు వచ్చే లైను చెట్ల మధ్య నుంచి వస్తుంది. గాలికి ఒక కొమ్మ విరిగితే పొద్దుగూకే దాకా రాదు. వానాకాలం అయితే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. ఇంట్లో ఇన్వర్టరు ఉంది గాని, దాని బ్యాటరీ అయిపోతే మళ్ళీ నింపడానికి కరెంటు లేదు. అందుకని ఈయన ట్రాక్టరును కిటికీ కిందికి తెచ్చి నిలబెట్టి, దాని బ్యాటరీ నుంచి లావు వైరు లోపలికి లాగి ఇన్వర్టరుకు కలిపాడు. కరెంటు పోగానే ట్రాక్టరు స్టార్టు చేస్తాడు. ఇంజన్ తిరిగినంతసేపు డైనమో బ్యాటరీని నింపుతుంటే, బ్యాటరీ మిషన్‌ను నడుపుతుంది. ఇప్పుడు డైనమో నింపడం మానేసింది.

ఆ సాయంత్రమే నేను మీటరు పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను.

రేకుల ఇల్లు. గోడకు ఒక సిలువ. మంచం కిటికీకి ఆనించి వేసి ఉంది. దాని మీద ఆమె, ముక్కుకు పైపుతో, కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. చిన్న మనిషి. నన్ను చూసి ఆయనతో, "ఈయనేనా? గింత చిన్నోడు," అంది. రెండు మాటలకొకసారి ఆగి గాలి తీసుకునేది. అయినా మాటలు తగ్గించేది కాదు.

"బాగున్నారా చిన్నమ్మా?" అన్నాను.

"మీరు, గీరు... ఏ ఊరు నీది?"

"వేంసూరు పక్క, ఆంధ్రా బార్డరు."

"అందుకే. మాట... సాగదీస్తున్నవు." కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. "చూసినవా ఈయన పని. నా ముక్కును... ట్రాక్టరు తోకకు... కట్టిండు."

ఆమె కోయ ఇంటి ఆడపిల్ల. ఆ తోట ఆమె తండ్రి ఇచ్చింది. పెళ్ళయ్యాక బొగ్గు ఊళ్ళో క్వార్టర్లోనే ముసలిదయింది. అక్కడ అందరిళ్ళలాగే వాళ్ళింట్లోనూ బొగ్గుల పొయ్యి. కిటికీ లేని వంటగదిలో ఆ పొగలోనే ఆమె ముగ్గురికీ వండింది. రిటైరయ్యాక డాక్టరు ధూళి లేని చోటికి తీసుకుపొమ్మన్నాడు. ఆమె తన ఊరికి పోదామంది. గాలి బాగుంటుందని వచ్చారు.

"గనిల దిగింది ఆయన," అంది ఆమె నాతో. "దగ్గు మాత్రం నాది."

సరదాగానే అంది. కిటికీ బయట ట్రాక్టరు బానెట్ ఎత్తుతున్న ఆయన చేతులు ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి.

బండిలో రెండు జబ్బులున్నాయి. డైనమో బెల్టు వదులైంది, వేలితో నొక్కితే లోపలికి పోతోంది. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్తు వైరు మొదట్లో తుప్పు పట్టి పచ్చగా పొడి రాలుతోంది. బెల్టు బిగించాను. తుప్పు గీకి, వైరు కొసకు కొత్త లగ్గు బిళ్ళ వేసి ఎర్తు కట్టాను. స్టార్టు చేసి మీటరు పెడితే ముల్లు పన్నెండు దగ్గర్నుంచి లేచి పద్నాలుగు దాటి నిలబడింది. ఆయన వంగి మీటరును చూశాడు. వేళ్ళ వెనక వైపుతో దాని అద్దాన్ని తాకాడు. జ్వరం చూసినట్టుగా తాకాడు.

తర్వాత నాకు తెలిసినంతలో ఒక సంగతి చెప్పాను. మీటరు మీ దగ్గర ఉండదు కాబట్టి, ముందు డాష్‌బోర్డు మీద ఎర్రలైటు చూసుకోండి. తాళం తిప్పగానే అది వెలగాలి. ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. చాలామంది ఆరిపోవడం ఒక్కటే చూస్తారు. ముందు వెలగకపోతే అది ఇంకా పెద్ద ప్రమాదం. ఆ బల్బు గుండా పోయే కరెంటే డైనమోను లేపుతుంది. బల్బు మాడిపోతే డైనమో నిద్రలేవదు, ఎర్రలైటు కనబడదు, చార్జింగ్ బాగానే ఉందనుకుంటాం.

"వెలగాలె," అన్నాడు ఆయన. "తర్వాత ఆరాలె."

"అంతే కాకా."

"వెలగాలె. తర్వాత ఆరాలె," అని మళ్ళీ అన్నాడు. చర్చిలో పిల్లలు వాక్యం కంఠతా పట్టినట్టు, పెదవులు కదిలిస్తూ.

ఆ తర్వాత ఆ పక్క ఎప్పుడు పని పడినా వాళ్ళింటి మీదుగా వచ్చేవాడిని. పొద్దున పూటైతే ఒక తంతు కనబడేది. కరెంటు ఉన్నా సరే, ఆయన రోజూ బండి ఎక్కి తాళం తిప్పేవాడు. కిటికీ లోపల్నుంచి ఆమె అడిగేది.

"వెలిగిందా?"

"వెలిగింది."

ఇంజన్ దడదడలాడేది.

"ఆరిందా?"

"ఆరింది."

"ఇగ రా... చాయ్ పెట్టు."

ఆయనే చాయ్ పెట్టేవాడు. స్టవ్వు బయట వరండాలో ఉండేది, ఇంట్లోకి పొగ గాని ఆవిరి గాని రాకుండా. తాలింపు కూడా పెట్టేవాడు కాదు. ఉడికిన కూరలో ఉప్పుకారం కలుపుకుని తినేవాళ్ళు. నేను వెళ్ళినప్పుడు మాత్రం ఆమె పట్టుబట్టి, తోట చివర పొయ్యి పెట్టించి నాకు తాలింపు వేయించేది. అంత దూరం నుంచి గిన్నె పట్టుకుని, చెట్ల కొమ్మలకు తల దించుకుంటూ ఆయన నడిచొచ్చేవాడు.

మణుగూరు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, మా దగ్గరికి రండి, ఇక్కడ పెద్ద దవాఖానా ఉంది, కరెంటు పోదు అని పోరేది. చిన్నమ్మ ససేమిరా అనేది. "నేను ఈ మట్టిల... పుట్టిన. దవాఖానల... మంచం మీద... నాకొద్దు." ఒకరోజు ఆయన తోటలో నాతో నడుస్తూ, "దాన్ని అటు తీస్కపోతే మనసు ఆగుతది. ఇటు ఉంచితే గాలి ఆగుతది. ఏది చెయ్యాలె బిడ్డా?" అన్నాడు. ఆయనకు నా జవాబు అక్కర్లేదు. ఆ ప్రశ్న తనలో తను అరగదీసుకుంటూనే ఉన్నాడు.

ఆ వానాకాలం గోదావరి పెరిగింది. ఈ పక్క వాగులన్నీ వెనక్కి తన్నాయి. చర్లకూ వాళ్ళ ఊరికీ మధ్య వాగు మీద లోలెవల్ వంతెన మునిగిపోయింది. కరెంటు స్తంభాలు పడిపోయాయి. అవసరానికని మూలన ఒకటి నిలబెట్టుకున్న ఆక్సిజన్ సిలిండరు మొదటి రోజుకే అయిపోయిందని తర్వాత తెలిసింది. మొత్తం భారం ట్రాక్టరు మీద పడింది. డీజిలు మాత్రం డ్రమ్ములో ముందే తెచ్చి పెట్టుకున్నాడు.

ఒక పొద్దున ఫోన్ మోగింది. సిగ్నలు తెగుతూ ఉంది.

"బిడ్డా, ఎర్రది వెలుగుతలేదు."

"ఎప్పట్నుంచి?"

"అరగంట కింద డీజిల్ పోద్దామని ఆపిన. మల్ల తాళం తిప్పితే వెలగలే. అప్పట్నుంచి నీకు ఫోను కలుస్తలే. ఇంజనేమో నడుస్తాంది. ఇన్వర్టరు కూతపెడతాంది."

అంటే బ్యాటరీ దిగిపోతోంది. ఎంతో సమయం లేదు. ఆయన గొంతు వణకలేదు. గనిలో లోపల ఏదైనా కూలితే ఇలాగే మాట్లాడేవాళ్ళేమో అనిపించింది.

"కాకా, భయపడకండి. ఆ బల్బు మాడిపోయింది. అంతే. ఇంజన్ ఆపండి."

"ఆపిన. తాళం జేబుల ఉన్నది."

"డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టండి. ఎర్రలైటు పక్కనే ఆయిల్ లైటు ఉంటుంది. రెండూ ఒకటే సైజు. ఆయిల్ లైటు బల్బు పీకి, ఎర్రలైటు దాంట్లో పెట్టండి. ఆయిల్ లైటు లేకపోయినా బండి నడుస్తుంది."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. వాన చప్పుడు. ఇన్వర్టరు కూత. "ఆపినవా?" అని ఆయన తనను తాను అడగడం వినపడింది. అంత హడావిడిలో కూడా అడిగాడు. నేను షాపులో నిలబడి, చెవికి ఫోను నొక్కుకుని, వానలో మునిగిన రోడ్డును చూస్తున్నాను.

దూరం నుంచి, సన్నగా, ఆమె గొంతు వచ్చింది. "వెలిగిందా?"

"వెలిగింది!" అని ఆయన అరిచాడు. అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఇంజన్ అందుకుంది. "ఆరింది! బిడ్డా, ఆరింది! కూత కూడా ఆగింది!"

లైను తెగిపోయింది. నేను ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పాను, ఫోన్లోనే చార్జింగ్ పట్టించానని.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది. నాకు తెలిసేసరికి వాగు తగ్గింది. అప్పటికే మట్టి అయిపోయింది. పాస్టరు వాగు దాటలేకపోయాడు. కూతురు భద్రాచలం దాకా వచ్చి ఆగిపోయింది. ఊళ్ళోవాళ్ళు తోట చివర గొయ్యి తీస్తే, ఆయనే బైబిలు చదివాడట.

వంతెన తేలిన రోజే వెళ్ళాను. ఓదార్చడానికి ఏవో మాటలు దారంతా కూడబెట్టుకున్నాను. ఆయన ఇంట్లో లేడు. కిటికీ కింద ట్రాక్టరు ముందు గొంతుక్కూర్చుని, చేతిలో స్పానరుతో ఉన్నాడు. నన్ను చూసి లేచి, "వచ్చినవా. చూడు బిడ్డా, ఎక్కడో పోతాంది," అన్నాడు.

"ఏంటి కాకా?"

"కరెంటు. మొత్తం అందలే. ఎక్కడో పోతాంది. అందుకే గాలి సరిపోలే దానికి."

"ఆ రోజు మిషన్ ఆగిందా?"

"ఆగలే. నడుస్తనే ఉన్నది. అయినా ఎక్కడో పోయింది గదా. చూడు."

చూశాను. తాళం తిప్పితే లైటు వెలిగింది. స్టార్టు చేస్తే ఆరింది. మీటరు పెడితే పద్నాలుగు దాటింది. హెడ్‌లైట్లు వేసి చూశాను, తగ్గలేదు. లోపల మిషన్ ఆన్ చేసి లోడు పెట్టి చూశాను, తగ్గలేదు. మంచం ఖాళీగా ఉంది, పైపు కొస మంచం మీద గాలి వదులుతోంది. బెల్టు చూశాను. ఎర్తు చూశాను. నేను కట్టిన లగ్గు కొత్తదానిలాగే ఉంది.

"ఏ తప్పూ లేదు కాకా."

"డైనమో విప్పు."

విప్పాల్సిన అవసరం లేదు. అయినా విప్పాను. లోపలి కార్బన్లు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన వాటిని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది అరిగింది గదా. ఇదే అయ్యుంటది."

"అరిగింది. కానీ ఇంకో రెండేళ్ళు నడుస్తుంది."

"దీనివల్ల కొంచెమన్న తగ్గదా?"

"తగ్గదు కాకా."

"ఆ రోజు బల్బు మార్చినం గదా. ఆయిల్ దాని బల్బు. అది సరైంది కాదేమో."

"సరైందే. రెండూ ఒకటే."

"మరి వైరు? కిటికీల నుంచి పోయే వైరు? లోపల ఎక్కడన్న తెగిందేమో."

వైరు మొత్తం చేత్తో తడిమి చూశాను. ఈ కొస, ఆ కొస మీటరు పెట్టి చూశాను. ఆయన నా పక్కనే, నా చేతులకేసి కాకుండా నా మొహంకేసి చూస్తూ నడిచాడు. చివరికి మీటరు మడిచి సంచిలో పెట్టుకుంటే, నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక్కటన్న దొరకాలె గదా బిడ్డా," అన్నాడు. "అన్ని మంచిగ ఉంటే ఎట్ల పోయింది?"

నా పనిలో నాకున్న ధైర్యమల్లా ఒకటే. బండి ఆగిందంటే కారణం ఎక్కడో ఉంటుంది. ఓపిక ఉంటే దొరుకుతుంది. ఆ రోజు ఆ ధైర్యం నా చేతుల్లోంచి జారిపోవడం నాకు తెలిసింది. దొరికిందని అనేస్తే ఆయన ఊరుకునేవాడేమో. కానీ ఆయన మొహంలోకి చూస్తూ, బాగున్న బండిని బాగాలేదని అనడానికి నా నోరు రాలేదు. ఆమె ఊపిరితిత్తులకు ఇక మిషన్ ఇచ్చే గాలి సరిపోలేదు, అంతే. ఆ మాట డాక్టరు చెప్పాలి. డాక్టరు చెప్పినా ఆయన వినేవాడు కాదు.

ఆ తర్వాత చర్లలో సంత జరిగే ప్రతివారం వచ్చేవాడు. మోపెడ్ మీద బ్యాటరీ, చీర పేలిక. దించి బల్ల మీద పెట్టి, "చూడు," అనేవాడు. చూసేవాడిని. ఒకసారి డైనమో తెచ్చాడు. ఒకసారి ఇన్వర్టరు. ఒకసారి ఆక్సిజన్ మిషన్‌నే బస్సులో భద్రాచలం తీసుకెళ్ళి, వాటిని బాగుచేసేవాడికి చూపించి, అది కూడా బాగానే ఉందని చెప్పించుకుని నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. సంత జనమంతా వెళ్ళిపోయేదాకా కూర్చునేవాడు. నేను చాయ్ తెప్పిస్తే, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని చల్లారబెట్టేవాడు. తాగేవాడు కాదు. తోట ఏమైందని అడిగితే, "దున్నలే," అనేవాడు. మామిడి దిగుబడి గురించి అడిగితే, "కోతులు తిన్నయి," అనేవాడు. చర్చికి వెళ్తున్నావా అని ఎవరో అడిగితే, "పోతున్న. ఆయన గూడ తప్పు లేదనే అంటాండు," అన్నాడు. పాస్టరు గురించో, దేవుడి గురించో నాకు తెలియలేదు.

మనిషి కరిగిపోయాడు. గడ్డం పెరిగింది. చొక్కా గుండీలు ఒకదాని కన్నంలో ఒకటి పెట్టుకునేవాడు. చివరికి కూతురే వచ్చి, ఇల్లు తాళం పెట్టి, తనతో రమ్మంది. ఆయన ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికి మనిషిలో ఏమీ మిగల్లేదు.

వెళ్ళేరోజు, కూతురు బస్టాండు దగ్గర సామాన్లతో ఉంటే, ఆయన ఒక్కడే నా షాపుకు నడిచొచ్చాడు. చేతిలో బ్యాటరీ లేదు. ఏదీ లేదు. స్టూలు మీద కూర్చున్నాడు. నేను చేస్తున్న హారన్ పని ఆపాను.

"చెయ్యి చెయ్యి," అన్నాడు. కాసేపటికి, "సప్పుడు లేకుంట కరెంటు ఇచ్చేది ఏమన్న ఉంటదా బిడ్డా?" అని అడిగాడు.

"ఉంటాయి కాకా. ఇప్పుడు సోలార్ పలకలు వస్తున్నాయి కదా. ఎందుకు?"

"ఏం లేదు. అడిగిన."

రోడ్డు మీద క్యాంపు జీపు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ము అణిగేదాకా ఆగాడు.

"ఆమె పోయిన పొద్దు ఏదో అన్నది," అన్నాడు. "బండేమో కిటికీకి ఆనుకొని ఉండె. వైరు అందాలె గదా. మోతల నాకు ఇనపడలే. మల్ల చెప్పుమన్న. మల్ల చెప్పింది. తెలుగుల కాదు, వాళ్ళ కోయ మాటల. ఆ మాట నాకు కొద్దిగ వస్తది. మెల్లగ చెప్తే తెలుస్తది. ఆ దడదడల ఎట్ల తెలుస్తది? చెవి నోటి కాడ పెట్టిన. గాలి తగిలింది గని మాట తెలువలే."

నేను చేతిలో హారన్‌ను కింద పెట్టాను.

"బండి ఆపుదామని ఉరికిన. తాళం మీద చెయ్యి గూడ పెట్టిన. ఆపితే మిషన్ ఆగుతదేమోనని చెయ్యి తీసిన. మల్ల లోపలికి వచ్చేసరికి చెప్పుడు అయిపోయింది."

ఆయన నాకేసి తిరిగాడు. ఎప్పుడూ బండి మీదో, బల్ల మీదో ఉండే చూపు, ఆ రోజు సూటిగా నా మీద ఉంది.

"నిజం చెప్పు బిడ్డా. ఒక్క నిమిషం బండి ఆపితే, ఆ మాట వినేంతసేపు, మిషన్ ఆగిపోతుండెనా?"

ముందు రోజు పొద్దున్నుంచి డైనమో ఆ బ్యాటరీని నింపుతూనే ఉంది. బండి ఆపినా మిషన్ కొంతసేపు ఏ ఇబ్బందీ లేకుండా నడిచేది. ఒక మాట కాదు, చాలా మాటలు చెప్పుకునేంతసేపు నడిచేది. అది నాకు తెలుసు.

"ఆగిపోయేది కాకా," అన్నాను. "వెంటనే ఆగిపోయేది. ఆపకుండా మంచిపని చేశారు."

ఆయన నా మొహాన్ని చాలాసేపు చూశాడు. లేచి, నా భుజం మీద చెయ్యి వేశాడు. అరచెయ్యి బరువుగా, వేడిగా ఉంది.

"అవ్," అన్నాడు. "మంచిగ ఉండు బిడ్డా."

ఎండలోకి వెళ్ళి, కూతురు పిలుస్తుంటే బస్సు ఎక్కాడు. ఆమె బతికున్న ఆ ఎండాకాలమంతా, కరెంటు ఉన్న రోజుల్లో కూడా, బండి ఆపేసి ఆ మిషన్ ఒక్క బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుందో చూసుకున్న మనిషి ఆయన. అరగంట దాటి నడుస్తుందని, ఇదే స్టూలు మీద కూర్చుని, సంబరంగా నాకు చెప్పింది కూడా ఆయనే.